తడి ఆరేలోపు

నీటి రంగులు నేర్చుకుందామనుకునేవాళ్లు ముందు రంగుల పెట్టె కొంటారు. నేనైతే ముందు కాగితం కొనమంటాను. మామూలు డ్రాయింగ్ షీటు నాలుగుసార్లు తడి కుంచె తగిలేసరికి ఉబ్బి, పైన నూగు రేగుతుంది. 300 జీఎస్ఎం కాటన్ కాగితం ఖరీదెక్కువే, కాదనను. 22x30 అంగుళాల షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసుకుంటే కొన్నాళ్లు వస్తుంది. రంగులంటారా, నీలం, పసుపు, ఎరుపు ట్యూబులు మూడుంటే చాలు.

కాగితానికి అంత విలువెందుకంటే, బొమ్మలోని వెలుగంతా దానిదే. తుమ్మ జాతి చెట్ల బంకతో కలిపిన రంగు పల్చటి పొరగా పరుచుకుంటుంది. వెలుతురు ఆ పొరలోంచి దిగి, అడుగున ఉన్న తెలుపును తాకి మన కంటికి తిరిగొస్తుంది. అందుకే తెల్లమబ్బు కావాలంటే ఆ మేరకు కాగితం వదిలేసి, చుట్టూ ఆకాశం వెయ్యాలి.

ఇక అసలు విద్య తడి చూడటంలో ఉంది. నేల పదును చూసి అరక కట్టే రైతుకుండే ఓపిక కావాలి. రంగు పరిచాక అట్టను కంటి ఎత్తుకు లేపి ఏటవాలుగా చూడండి. నీళ్లు నిలిచి మెరుస్తుంటే రెండో రంగు ఎటు పడితే అటు పాకుతుంది. మెరుపు చచ్చి మసకబారితే అంచు మెత్తగా నిలుస్తుంది. దూరపు చెట్లు వెయ్యడానికి అదే అదను. అప్పుడు కుంచెలో నీళ్లెక్కువున్నాయా, అవి రంగును పక్కకు నెట్టి, క్యాలీఫ్లవర్ పువ్వు ఆకారంలో మచ్చ కట్టిస్తాయి. పూర్తిగా ఆరేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. మన మే నెల ఎండల్లో ఈ అదను క్షణాల్లో దాటిపోతుంది కాబట్టి ఫ్యాను కట్టేసి కూర్చోవాలి. ముసురు పట్టిన రోజుల్లో తీరిగ్గా వేసుకోవచ్చు.

తడిని ఇంకో రకంగా నమ్ముకున్నవారూ ఉన్నారు. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుల పని చూసి, అవనీంద్రనాథ్ ఠాగూర్ వేసిన బొమ్మనే నీళ్లలో ముంచి తీసి, ఆపైన మళ్లీ రంగు పరిచే పద్ధతి పట్టుకున్నారు. ఆ బెంగాలీ బాణీ ప్రమోద్ కుమార్ ఛటర్జీతో బందరు జాతీయ కళాశాలకు వచ్చింది. అడివి బాపిరాజు అక్కడే ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆ బొమ్మల్లోని పొగమంచు లాంటి మెత్తదనం నాకు ఎంతో ఇష్టం.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు అంతదూరం పోనక్కర్లేదు. నీలం ఒక్కటీ తీసుకుని, పైన ముదురుగా మొదలెట్టి, కిందికి వస్తున్నకొద్దీ నీళ్లు కలుపుతూ తేలిక చెయ్యండి. ఆరాక రంగు కాస్త వెలుస్తుంది. కాబట్టి మొదట్లో మీరనుకున్నదానికన్నా ఓ పాలు ముదురుగానే వెయ్యండి.