ముక్తాయింపు పట్టే కళ్లు

పెళ్లిలో ఫొటోగ్రాఫర్ "ఇటు చూడండి" అనగలడు. కచేరీలో ఆ మాట అనే వీల్లేదు. వేదిక మీది గాయకుడు ఫొటోగ్రాఫర్ కోసం ఆగడు, ఆగకూడదు కూడా.

వెలుతురు చాలదు, ఫ్లాష్ వాడనివ్వరు. కెమెరా ఐఎస్ఓ మరీ పెంచితే బొమ్మ గరుకు తేలుతుంది. షట్టర్ నిదానిస్తే మృదంగం మీది వేళ్లు అలుక్కుపోతాయి. పెద్ద రాక్ షోల్లో చాలాచోట్ల మొదటి మూడు పాటలకే అనుమతి. పాటగాళ్లు వేడెక్కేసరికి కెమెరా బయట ఉంటుంది.

మన కర్ణాటక కచేరీలో మైకు సగం ముఖాన్ని మింగేస్తుంది. ఆలాపన సాగుతుంటే షట్టర్ చప్పుడు కూడా అపచారమే. అయినా ఫొటోగ్రాఫర్లు తాళవాద్యాల వంతైన తని ఆవర్తనం కోసం కాచుక్కూర్చుంటారు. మృదంగం ముక్తాయింపు మూడోసారి తిరిగి, పాట ఎత్తుగడకు చేరే క్షణంలో గాయకుడి చెయ్యి లేస్తుంది, వయొలిన్ విద్వాంసుడి పెదవి విచ్చుకుంటుంది. తాళం తెలియనివాడికి ఆ ఫొటో దక్కదు. అందుకే మంచి కచేరీ ఫొటోగ్రాఫర్‌ను నేను ముందు రసికుడిగానే లెక్కిస్తాను.

1967లో అమెరికాలోని మాంటెరీ సంగీతోత్సవంలో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ను ఫొటోలు తీసిన జిమ్ మార్షల్‌కు, మరణానంతరం 2014లో గ్రామీ ట్రస్టీస్ అవార్డు దక్కింది. మన దగ్గర ఫొటో కింద పేరు కూడా చాలాసార్లు కనబడదు. సభల నిర్వాహకులారా, కళాకారులారా, ఆ ఫొటోలు వాడుకునేటప్పుడు తీసినవారి పేరు వేయండి, ప్రతిఫలమూ ఇవ్వండి.