ఫోను పంతులు, మన పిల్లల తెలుగు

కొత్త కథల సంపుటం వస్తే మనం తప్పొప్పులెంచుతాం. పిల్లల నాలుక మీదికెక్కే ఫోను పాఠాన్ని మాత్రం, ఉచితంగా దొరికింది కదా అని, చదవకుండానే మెచ్చుకుంటాం. తెలుగు నేర్పుతామనే యాప్‌లను కొన్నాళ్లుగా చూస్తున్నాను. వాటినీ పుస్తకం చదివినట్టే చదవాలని నా ఉద్దేశం.

ముందుగా అడగవలసింది, ఇవి ఎవరికోసం రాశారని. నేను చూసినవాటిలో కొన్ని తెలుగు ముక్క రాని పరాయివాడికోసం, తక్కినవి తెలుగు బడిలో ఒకటో తరగతి చదివే పిల్లవాడికోసం రాసినవి. హోసూరు పిల్ల, బరంపురం పిల్లవాడు ఈ రెంటిలో దేనికీ చెందరు. అవ్వ తిట్టినా ముద్దు చేసినా వీళ్లకు పూర్తిగా అర్థమవుతుంది. అక్షరం మాత్రం రాదు. బడిలో తమిళమో, ఒడియానో, ఇంగ్లీషో. చెవికి తల్లిభాష, కంటికి రెండో భాష. ఇలాంటి పిల్లకు "నీ పేరేమిటి?" దగ్గర మొదలుపెట్టి నేర్పితే రెండో రోజుకే ఫోను పక్కన పడేస్తుంది. తప్పు ఆమెది కాదు.

2021లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన 'భాషా సంగమ్' చూడండి. ఇరవైరెండు భాషల్లో రోజూ వాడే వంద పైచిలుకు వాక్యాలు నేర్పుతుంది. రైల్లో కలిసిన మనిషిని పలకరించడానికి మంచి సాధనమే, కాదనను. కానీ అన్ని భాషలకూ అవే వాక్యాలు. ఒక భాషలో ఉండి మరొకదానిలో లేని సంగతికి అందులో చోటెక్కడ?

ఆ సంగతి ఎలాంటిదో చెబుతాను. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో రెంటికీ 'వుయ్' ఒక్కటే. ఇంగ్లీషు మీదుగా తెలుగు నేర్చుకునే పిల్ల ఇంటికొచ్చిన మేనమామతో "మామా, మేము సినిమాకి పోదామా" అంటుంది. ఇందులో విచారించవలసిందేమంటే, అదే పిల్లకు తమిళం వచ్చు. తమిళంలో 'నామ్', 'నాంగళ్' అనే తేడా అచ్చంగా ఇదే. షోలాపురంలో మరాఠీ చదివే పిల్లవాడికి 'ఆపణ్', 'ఆమ్హీ' ఉన్నాయి. నేటి కన్నడంలో మాత్రం 'నావు' ఒక్కటే, కాబట్టి కోలారు పిల్లకు ఈ పాఠం కొంచెం నింపాదిగా చెప్పాలి. పక్క భాష ద్వారా ఒక్క పూటలో తెలిసిపోయేదాన్ని ఇంగ్లీషు చుట్టూ తిప్పి పోగొడుతున్నారు. 'నువ్వు', 'మీరు' గతీ ఇంతే.

లిపి సంగతీ అంతే. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే, తలకట్టు అలవాటైతే చాలు. తమిళం చదివినవాడికి క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం అలవాటు. వాడికి కావలసిన పాఠం వేరు. నేను చూసిన ప్రతి యాప్ ఇద్దరికీ ఒకే అక్షరమాల, అవే బొమ్మలు చూపించింది.

ఇక మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. మరాఠీలో హ్రస్వ ఎకారం, దీర్ఘ ఏకారం అనే తేడా లేదు. ఆ బడిలో చదివిన మన పిల్లలకు 'మెడ'కూ 'మేడ'కూ తేడా చెవికి సరిగా అందదు. ఇక్కడ ఫోను ఏ పంతులుకన్నా మేలు. వందసార్లు వినిపిస్తుంది, విసుక్కోదు, పదిమందిలో నవ్వదు. పిల్ల తన గొంతు తానే విని పోల్చుకోవచ్చు. ఈ ఒక్క పనికోసమైనా వాటిని ఇంట్లోకి రానివ్వమంటాను.

నాకు అసలు పేచీ మరొకచోట. ఒక పాఠంలో నాగలి బొమ్మ చూపి పేరు అడిగారు. పక్కనున్న పిల్ల "మడక" అంది. ఎర్ర గీత పడింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ పదాల మాండలిక కోశం తిరగేసినవారికి మడక ఎంత గట్టి తెలుగో తెలుసు. ఆ కోశం ఆంధ్రప్రదేశ్ జిల్లాలు తిరిగి కూర్చినది. మన ఊళ్ల మాటలకు ఆ పాటి కోశం కూడా లేదు. పిల్ల మాత్రం గీత చూసి ఏమనుకుంటుంది? అవ్వకు తెలుగు రాదనుకుంటుంది.

ఇది పాత తగాదాయే. బడుల తనిఖీ అధికారిగా ఉత్తర సర్కారులకు వచ్చిన యేట్సు దొర తెలుగును రెండో భాషగా నేర్చుకున్నవాడు. బడిలో చెప్పే తెలుగు, బజారులో వినే తెలుగు ఒకటి కావేమని అడిగాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. ఆయన కూడా సవర భాషను సవరల నోటినుంచే నేర్చుకున్న మనిషి. 1931లో దానికి ఇంగ్లీషులో వ్యాకరణం వెలువరించారు. నేర్చుకునేవాడి ఇబ్బంది అనుభవించిన ఇద్దరు మనుషులు ఉండబట్టే వాడుక భాష బడి గుమ్మం తొక్కగలిగింది. ఆ పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది.

మరో సంగతి. గ్రియర్సన్ భాషా సర్వే మద్రాసు రాజధానిలోగానీ, హైదరాబాదు, మైసూరు సంస్థానాలలోగానీ జరగలేదు. అందుచేత 1906 నాటి నాలుగో సంపుటంలో చేరిన వడరి, కామాఠీ, దాసరి, గోలరి వంటి తెలుగు నమూనాలు చాలావరకు బొంబాయి వైపు, మధ్య పరగణాల వైపు సేకరించినవే. అంటే మనబోటి బయటివాళ్ల తెలుగన్నమాట. అచ్చులో ఆనాడే దొరికిన ఆ చోటు నేను చూసిన ఫోను పాఠాల్లో దొరకలేదు.

యంత్రం తనంతట తాను మడకను కాదనలేదు. ఎవరో ఒకే జవాబు రాసిపెట్టారు. రెండో జవాబు చేర్చడానికి పెద్ద విద్య అక్కర్లేదు. నాగలి, అరక, మడక మూడింటికీ పచ్చగీత వేసి, ఏది ఏ సీమ మాటో కింద ఒక ముక్క రాస్తే చాలు. గొంతు కూడా ఒక్క హైదరాబాదు స్టూడియోదే ఎందుకు కావాలి? మన ఇళ్లలో అవ్వలున్నారు, ఫోనుల్లో రికార్డరూ ఉంది. హోసూరు మాట హోసూరు గొంతుతో, యానాం మాట యానాం గొంతుతో ముప్పై నలభై చొప్పున పట్టి, ఊరి పేరుతో సహా ఆ పాఠాల వాళ్లకు పంపవచ్చు. తీసుకుంటారా లేదా అన్నది తర్వాత చూద్దాం. ఈలోగా ఎర్ర గీత పడినప్పుడు పిల్ల పక్కన పెద్దవాళ్లెవరైనా కూర్చుని ఉండాలి.