రెప్ప వాలినా మెలకువే

మెదడులో పుట్టిన ఆజ్ఞ వెన్నుపాము గుండా దిగి, నరం వెంట కండరాన్ని చేరితేనే చెయ్యి లేస్తుంది. దారిలో ఎక్కడ తెగినా ఇంటివాళ్ళ మాట ఒకటే: "కాలూ చెయ్యీ పడిపోయాయి డాక్టరు గారూ." పడిపోవడం లక్షణం మాత్రమే. ఎక్కడ తెగిందో కనిపెట్టడం మా పని. ఇన్నేళ్ళ వైద్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పనీ అదే.

ముందు కథ వినాలి. ఉన్నట్టుండి ఒక పక్క పడిపోతే అనుమానం మెదడు రక్తనాళం మీద. పాదాల్లో మొదలై రోజుల తరబడి పైకి పాకితే నరాలు దెబ్బతినే గిలాన్ బారే జబ్బు కావచ్చు. రాత్రి కడుపు నిండా తిని పడుకున్న కుర్రాడు తెల్లారి కాళ్ళు కదపలేకపోతే రక్తంలో పొటాషియం చూస్తాం. తగ్గిందదే అయితే, ఎక్కించాక గంటల్లో లేచి నడుస్తాడు. అరికాలిని గీసినప్పుడు బొటనవేలు పైకి లేస్తే లోపం మెదడులోనో వెన్నుపాములోనో ఉందని 1896లో పారిస్‌లో బాబిన్‌స్కీ చెప్పాడు. పైసా ఖర్చు లేని ఆ పరీక్షను నేను ఏ రోగికీ మానలేదు.

బ్రెయిన్ స్ట్రోక్‌లో గడ్డ కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. ఆ గంటల్ని పడిపోయిన కాలికీ చేతికీ పావురం రక్తం రాయించడానికి పోగొట్టుకుని వచ్చేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నన్ను అన్నిటికంటే కదిలించేది కట్లపాము కాటు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి అర్ధరాత్రి కడుపునొప్పితో లేస్తాడు. కాటు గుర్తు చాలాసార్లు కనపడదు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, దిండు మీంచి తల లేవదు. నరం కండరాన్ని తాకేచోట విషం ఆజ్ఞను ఆపేసింది. తర్వాత ఊపిరి కండరాల వంతు. కంటిపాప వెలుతురుకు కూడా ముడుచుకోకపోవచ్చు, మెదడు చచ్చిపోయిందనుకుంటారు. లోపల మనిషి మేలుకునే ఉండొచ్చు, మంచం పక్కన "ఇంక లాభం లేదు" అంటున్న మాటతో సహా అన్నీ వింటూ. విరుగుడు ఇచ్చినా ఆ నరాల కొసలు కోలుకోవడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ వెంటిలేటర్ ఊపిరి పోయాలి. పోస్తే చాలామంది నడిచి ఇంటికి వెళతారు. అందుకే అలాంటి రోగిని పేరు పెట్టి పిలవమని, సూది గుచ్చేముందు చెప్పి గుచ్చమని మా నర్సులను అడుగుతాను.

వానల రోజుల్లో ఎవరైనా రెప్పలు వాలి నిద్ర లేస్తే, కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమని గట్టిగా అడగండి.