ఖాళీగా కనిపించే నేల: రెండు తీరాల ఫొటోలు

కథను విమర్శించేటప్పుడు రచయిత చెప్పిన దానితోపాటు చెప్పకుండా వదిలిన దాన్ని కూడా గమనించాలని మీకు తెలుసు. పాత ఫొటోలను చదవడానికి కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. ఇక్కడ రెండు సముద్ర తీరాల్లో తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 1903 డిసెంబర్ 17న అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో, కిటీ హాక్ దగ్గరి కిల్ డెవిల్ హిల్స్ వద్ద తీసినది. విమానం అప్పుడే పట్టా మీది నుంచి లేచింది. ఆర్విల్ రైట్ దాని మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అన్న విల్బర్ కుడివైపున ఇసుకలో నిలబడి చూస్తున్నాడు. విమానం గాలిలో ఉన్నది 12 సెకన్లు, వెళ్ళిన దూరం 120 అడుగులు. విమానం సంగతి అందరికీ తెలిసిందే. మీరు ఇసుక మీది అడుగుల గుర్తులను, ఎగరక ముందు రెక్కను ఆనించిన చిన్న బల్లను చూడండి. పని చేసిన మనుషుల జాడ అక్కడ ఉంది.

ఈ ఫొటో తీసింది జాన్ టి. డేనియల్స్. ఓడ ప్రమాదాల్లో చిక్కుకున్నవారిని కాపాడే తీరరక్షణ కేంద్రంలో ఆయన ఉద్యోగి. అంతకు ముందు కెమెరా వాడి ఎరగడు. ఆర్విల్ స్టాండు మీద కెమెరా అమర్చి, రబ్బరు బుడ్డి నొక్కే పని ఆయనకు అప్పగించాడు. (అదే రోజు గాలికి విమానం పల్టీలు కొడితే అందులో చిక్కుకుని దెబ్బలు తిన్నది కూడా ఆయనే.) ఫొటోలో ఆయన లేడు, కానీ ఫొటో చరిత్రలో ఆయన పేరు నిలిచింది.

ఇక మన తీరానికి వద్దాం. ఒకవైపు పులికాట్ సరస్సు, మరొకవైపు బంగాళాఖాతం ఉన్న శ్రీహరికోట దీవి 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1971 అక్టోబర్ 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 సముద్రంలో పడిపోయింది. 1980 జులై 18న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈ ప్రయోగాల ఫొటోలలో సాధారణంగా రాకెట్టు, పొగ, ఆకాశం ఉంటాయి. మనిషి ఉండడు.

దీన్ని లోపం అనలేం. ప్రయోగ వేదిక దగ్గర మనిషి ఉండకూడదు, అది భద్రతా నియమం. చిక్కు వేరే చోట ఉంది. ఈ దీవిని ఎంచుకోవడానికి చెప్పే కారణాల్లో తూర్పున సముద్రం ఉండడంతోపాటు జనం పలచగా ఉండడం కూడా ఒకటి. ఆ పలచని జనంలో యానాదులు ఉన్నారు. అడవిలో కట్టెలు, తేనె, దుంపలు సేకరించి బతికేవారు. కేంద్రం కోసం దీవిలోని ఊళ్ళను ఖాళీ చేయించారు. నేల ఖాళీగా ఉండడానికి భద్రత ఒక కారణం, తరలింపు మరొకటి. ఫొటోలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూసేవారు మొదటిదాన్నే ఊహించుకుంటారు.

యానాదులకు ఫొటోలు లేవని కాదు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో వారు కర్రతో కర్రను మథించి నిప్పు పుట్టిస్తున్న ఫొటో ఉంది. అయితే కింద ఉన్నది తెగ పేరు మాత్రమే, మనుషుల పేర్లు కావు. డేనియల్స్‌కు దక్కినది వీరికి దక్కలేదు.

రాకెట్టు ఫొటో కింద ప్రయోగ తేదీ, వాహనం పేరు, ఉపగ్రహం బరువు రాస్తారు. ఖాళీ అయిన ఊళ్ళ పేర్లతో ఇంకొక వరుస చేర్చినా ఆ విజయానికి తగ్గేదేమీ లేదు. అలాంటి వరుస ఉంటే మనం పొగ కింది నేలను కూడా చూసేవాళ్ళం.