హోసూరు చలిలో పొంగే పిండి

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణగిరి దిగువన, వేడి ఎక్కువ. అక్కడ రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాటుతుంది. పుష్యమాసపు చలిలో హోసూరులో అదే పిండి ఓ పట్టాన కదలదు. అయినా పిండి రుబ్బి అమ్మే ఆడవాళ్లు పొద్దున్నే పొంగిన పిండి చేతిలో పెడతారు. ఆ పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇడ్లీ పిండిని పొంగించేది లూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని 1965లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. దాన్ని ఎవరూ తోడు వెయ్యక్కర్లేదు. ఉద్దిపప్పుతోనే వస్తుంది, పప్పు నానేటప్పుడే పెరగడం మొదలుపెడుతుంది. చక్కెరలను తిని పులుపునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. ఆ వాయువు జారిపోకుండా పట్టి ఉంచేది ఉద్దిపప్పు జిగురు. అందుకే పప్పును చన్నీళ్లు చిలకరిస్తూ అంతసేపు రుబ్బుతారు. చిన్న ముద్ద తీసి నీళ్లలో వేస్తారు. తేలితేనే గ్రైండరు ఆపుతారు. బియ్యం మాత్రం కాస్త బరకగానే ఉండాలి.

చలి ముదిరితే గోరువెచ్చని నీళ్లతో కలిపి, గిన్నెకు గోనెసంచి చుట్టి, పొయ్యి దగ్గరగా పెడతారు. అమ్మేటప్పుడు "ఇంటికి పోయి ఊరికే కలబెట్టొద్దక్కా, పొంగు పోతుంది" అని మరీ చెప్తారు. వాసన చూసే పులుపు పసిగడతారు. ఓ మెట్టు దాటిన పిండిని ఇడ్లీకి ఇవ్వరు, దోసెలకో గుంతపొంగనాలకో పక్కన పెడతారు.