ఒప్పందం, కాంట్రాక్టు, గుత్త: వ్యాపార శాసన పాఠ్యాంశ పరిభాష – పాలమూరు నేపథ్యంలో ఒక విమర్శ

బి.కాం. విద్యార్థి చదివే తొలి న్యాయశాస్త్ర పాఠం ‘వ్యాపార శాసనం’. చాలామందికి అదే చివరిది కూడా. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఈ పాఠానికి వెన్నెముక. దాని నుంచి విడివడి వేరు చట్టాలైన వస్తు విక్రయం (1930), భాగస్వామ్యం (1932), వాటి వెంట వినియోగదారుల రక్షణ, కంపెనీల చట్టపు ప్రాథమికాంశాలు సాధారణంగా ఇందులో చేరుతుంటాయి. వాణిజ్యశాఖ దీనిని కంఠస్థం చేయించవలసిన నిర్వచనాల సమూహంగా చూస్తుంది. న్యాయ కళాశాల దీనిని తన స్థాయికి తగినదిగా ఎంచదు. తెలుగు శాఖ అసలు చూడదు. అయితే తెలుగు మాధ్యమ విద్యార్థికి ఈ పాఠంలో ఎదురయ్యే కష్టంలో అధికభాగం భాషకు సంబంధించినదే. కనుక దీనిని విమర్శించే బాధ్యత తెలుగు శాఖలకు కూడా ఉన్నదని ఈ వ్యాసం భావిస్తుంది.

పరిశీలనకు ఒక ప్రాంతాన్ని ఎంచుకోవడం అవసరం. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోను, ఆ తరువాత నాగర్‌కర్నూల్ జిల్లాలోను ఉన్న తిమ్మాజిపేట మండలాన్ని ఇక్కడ ఎంచుకున్నాను. దీనికి కారణం ఉన్నది. ఒకవైపు జడ్చర్ల బాదేపల్లి మార్కెట్టు, మరొకవైపు ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్విన వలస కూలీల చరిత్ర – ఈ రెండింటి నడుమ పెరిగే విద్యార్థికి ఒప్పందం అనే వ్యవహారం కొత్తది కాదు. బయానా, జమానతు, అడ్తి, కమీషను, నోటు, కిరాయి, కౌలు, పొత్తు, గుత్త, అడ్వాన్సు అతని ఇంటి మాటలు. పాఠ్యపుస్తకం తెరిచిన క్షణం నుంచి ఇవన్నీ చట్టానికి వెలుపలి విషయాలైపోతాయి. పుస్తకంలో ‘ప్రతిపాదన’, ‘స్వీకృతి’, ‘ప్రతిఫలం’, ‘అనుచిత ప్రభావం’ మాత్రమే ఉంటాయి. వీటిని వ్యవహరించేవారు ‘ఎ’, ‘బి’ అనే ఇద్దరు వ్యక్తులు.

మొదటి చిక్కు తొలి అధ్యాయంలోనే వస్తుంది. 1872 చట్టపు 2వ సెక్షను రెండు భావనలను వేరు చేస్తుంది. పరస్పరం ఇచ్చిపుచ్చుకున్న వాగ్దానం ఒకటి, చట్టం ద్వారా అమలు చేయించుకోగలిగిన వాగ్దానం మరొకటి. రెండింటికీ తెలుగులో ‘ఒప్పందం’ అనే వాడితే, చట్టబద్ధంగా అమలయ్యే ఒప్పందమే ఒప్పందం అన్న అర్థరహిత వాక్యం మిగులుతుంది. దీనిని తప్పించుకోవడానికి రచయితలు రెండో దానిని ‘కాంట్రాక్టు’గానే ఉంచారు. పుస్తకంలో ఇది సహేతుకమైన నిర్ణయమే. కాని పాలమూరులో ‘కాంట్రాక్టు’ ఖాళీ పాత్ర కాదు. అది కాలువ పని, రోడ్డు పని. కాంట్రాక్టరు అంటే మేస్త్రీకి పై మనిషి. ఆ మాటకు అప్పటికే ఒక యజమాని ఉన్నాడు. విద్యార్థి మనసులో ‘కాంట్రాక్టు’ ఇద్దరు సమానుల మధ్య కుదిరేది కాదు, ఒకరు ‘పట్టేది’. పాఠం ఈ అర్థాన్ని తొలగించనూ లేదు, వాడుకోనూ లేదు. ‘ఒడంబడిక’ అన్న పాతమాట చేతికందేంత దూరంలో ఉన్నా పరిభాషా నిర్మాతలు దానిని ఎక్కువగా అంతర్జాతీయ సంధులకు వదిలేశారు. నా అభిప్రాయంలో ఇది నష్టమే.

‘ప్రతిఫలం’ విషయం ఇంకా సున్నితం. తెలుగులో ప్రతిఫలం చేసినదానికి తరువాత దక్కేది. చట్టంలో మాత్రం వాగ్దాత కోరిక మేరకు ఏదైనా చేయడమే కాదు, చేయకుండా ఉండడం కూడా ప్రతిఫలమే. దావా వేయనని మాట ఇవ్వడం ‘ఫలం’ ఎలా అవుతుందో తెలుగు విద్యార్థికి మాటను బట్టి తెలియదు. ఆ నిర్వచనంలోనే మరొక విశేషమున్నది: ప్రతిఫలం వాగ్దానం పొందినవాడే ఇవ్వనవసరం లేదు, మరెవరైనా ఇవ్వవచ్చు. ఈ సూత్రాన్ని స్థిరపరచిన మద్రాసు హైకోర్టు తీర్పు చిన్నయ్య – రామయ్యల మధ్య వ్యాజ్యం (1881–82). ఒక స్త్రీ తన ఆస్తిని కూతురికి దానపత్రం ద్వారా ఇచ్చి, తన తోబుట్టువుకు ఏటా కొంత సొమ్ము చెల్లించాలని షరతు పెట్టింది. కూతురు రాసి ఇచ్చి, తరువాత చెల్లించలేదు. ఇల్లు, తల్లి, కూతురు, మాట తప్పడం – అచ్చమైన కుటుంబ కథ. దీనిని ‘ఎ తన ఆస్తిని బి కి ఇచ్చెను’ అని చెప్పే పాఠం కథనూ పోగొడుతుంది, సూత్రాన్నీ పోగొడుతుంది.

చిక్కం అమ్మిరాజు – చిక్కం శేషమ్మ కేసు (1917) కూడా ఇటువంటిదే. భార్యాకుమారులు తమవని చెప్పుకుంటున్న ఆస్తిపై హక్కు వదులుకుంటూ తన సోదరుని పేర పత్రం రాయకపోతే ఆత్మహత్య చేసుకుంటానని భర్త బెదిరించాడు. ఆ బెదిరింపు బలవంతం కిందికి వస్తుందని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు నిర్ణయించారు, ఒకరు విభేదించారు. బలవంతం అంటే కొట్టడమో తిట్టడమో అనుకునే తరగతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. తెలుగు పేర్లున్న ఈ కేసులు దేశంలోని న్యాయ విద్యార్థులందరూ చదువుతారు. అవి తెలుగు పుస్తకానికి చేరేసరికి రెండు పంక్తుల శీర్షికలుగా కుదించుకుపోవడం విచిత్రం.

ఇక ఈ వ్యాసానికి కీలకమైన 16వ సెక్షను. ‘అనుచిత ప్రభావం’ అన్న అనువాదంలో తప్పు లేదు, ప్రాణమూ లేదు. ఈ సెక్షనుకు చట్టమే ఇచ్చిన ఉదాహరణలలో రెండు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానిలో గ్రామంలోని వడ్డీ వ్యాపారికి అప్పటికే బాకీ ఉన్న వ్యక్తి, అన్యాయమనిపించే షరతులకు మళ్లీ అప్పు తీసుకుంటాడు. అందులో అనుచిత ప్రభావం లేదని నిరూపించుకోవలసిన భారం వడ్డీ వ్యాపారిదే. రెండవదానిలో డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో బ్యాంకరు మామూలు కన్నా హెచ్చు వడ్డీ అడుగుతాడు. అది సాధారణ వ్యాపార వ్యవహారమే, ఆక్షేపణీయం కాదు. ఈ రెండు ఉదాహరణల నడుమ ఉన్న దూరంలోనే పాలమూరు వలస చరిత్ర ఇమిడి ఉన్నది. ఎండాకాలంలో గుంపు మేస్త్రీ కుటుంబానికి అడ్వాన్సు ఇచ్చి, పని పూర్తయ్యేదాకా ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి రావాలంటాడు. అతడు మొదటి ఉదాహరణలోని వడ్డీ వ్యాపారా, రెండవదానిలోని బ్యాంకరా? తరగతిలో అడగవలసిన ప్రశ్న ఇది. ‘అనుచిత ప్రభావమును నిర్వచించి, దాని లక్షణములను వివరింపుము’ అన్న పరీక్ష ప్రశ్న దీనిని ఎన్నడూ అడగదు.

జవాబు కేవలం ఒప్పందాల చట్టంలో లేదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం (1976) నిర్వచనాలలో మొట్టమొదటిది ‘అడ్వాన్సు’. అదే చట్టం నిషేధించిన వ్యవస్థల పేర్ల పట్టికలో భగేలా, జీత, పాలేరు, వెట్టి కనిపిస్తాయి. అంటే మన పల్లె మాటలు పార్లమెంటు చట్టంలో ఉన్నాయి, మన వ్యాపార శాసన పాఠంలో లేవు. ఇక్కడే ‘శూన్యం’, ‘వర్జనీయం’ అన్న జంట పదాల తేడా కేవలం పరిభాషా విషయం కాకుండా పోతుంది. 16వ సెక్షను కింద మేస్త్రీ ఒప్పందం వర్జనీయం మాత్రమే: కూలీ తానే ముందుకు వచ్చి కాదనాలి, కోర్టు తగిన షరతులు విధించి రద్దు చేయవచ్చు, పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇమ్మనవచ్చు. 1976 చట్టం కిందికి వస్తే ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, బాకీ తీర్చవలసిన బాధ్యతే ఆరిపోతుంది. ఒక మాటకూ మరొక మాటకూ మధ్య తేడా ఒక కుటుంబపు అప్పంత. ‘వర్జనీయం’ అన్న పదం నుంచి ఈ సంగతి ఊహించగల విద్యార్థి ఎవరు? ‘చెల్లని ఒప్పందం’, ‘కాదనగల ఒప్పందం’ అంటే సగం బోధన పూర్తవుతుంది. ఆర్థిక నిర్బంధం కూడా నిర్బంధమేనని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో చెప్పినదానిని దీనికి జతచేస్తే పాఠం సంపూర్ణమవుతుంది.

ఈ పరిభాష ఇలా ఎందుకు తయారయింది? తెలంగాణలో ఇది రెండవ విడత అన్న సంగతిని గుర్తించాలి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తన అనువాద సంస్థ ద్వారా శాస్త్రాలన్నిటికీ అరబ్బీ, పారసీ ధాతువుల నుంచి మాటలు నిర్మించుకున్నది. అర్ధ శతాబ్దం తరువాత, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కాలంలో అదే పని సంస్కృతం నుంచి జరిగింది. రెండు సందర్భాలలోనూ ఉద్దేశం గొప్పదే. సామాన్యుని భాషలో ఉన్నత విద్య. రెండు సందర్భాలలోనూ సామాన్యుడు వాడే మాట మాత్రం పక్కకు జరిగింది. కచేరీ ఉర్దూ నుంచి పల్లెలోకి దిగి తెలుగైపోయిన జమానతు, దస్తావేజు, బైనామా వంటివి శాస్త్రీయతకు తగవన్న భావన ఇప్పటికీ పోలేదు. తెలంగాణ ప్రభుత్వం తెల్లకాగితాల మీది భూమి కొనుగోళ్లను క్రమబద్ధం చేయడానికి దరఖాస్తులు పిలిచినప్పుడు ‘సాదాబైనామా’ అన్న మాటనే వాడింది. ఎవరికీ అర్థం కాకపోలేదు.

వాడుకమాటలన్నీ పాఠంలోకి తెచ్చుకుంటే చాలునన్న వాదాన్ని కూడా అంగీకరించలేము. వాడుకమాట అమాయకమైనది కాదు. ‘అడ్వాన్సు’ అన్నది అప్పు అన్న చేదును కప్పిపుచ్చే మాట. ‘పొత్తు’ వినసొంపుగా ఉంటుంది, ఎవరి వాటా ఎంతో చెప్పదు. ‘జమానతు’ పడ్డవాని బాధ్యత ఎక్కడ ముగుస్తుందో ఊరి వాడుక నిర్ణయించదు. పారిభాషిక పదం పని ఇక్కడే మొదలవుతుంది. వాడుకమాటతో ప్రవేశించి, దానిలో దాగిన అస్పష్టతను విప్పి, ఆ తరువాత నిర్వచనాన్ని ఇవ్వాలి. ప్రస్తుత పాఠం ఈ వరుసను తలకిందులు చేసి, చాలాసార్లు మొదటి మెట్టుకు చేరకుండానే ముగుస్తుంది.

సాహిత్యం ఇందులో సహాయపడగలదు. ‘కన్యాశుల్కం’ అన్న శీర్షికే 23వ సెక్షను ముందుంచే ప్రశ్న: శుల్కం పుచ్చుకుని పిల్లనిచ్చే ఒప్పందపు ప్రతిఫలం న్యాయసమ్మతమేనా? మధురవాణి కంటె అరువు వ్యవహారం 148వ సెక్షనుకు, అంటే వస్తువును తిరిగి ఇచ్చే షరతుపై అప్పగించడానికి, చక్కని ఉదాహరణ. తెలుగు, వాణిజ్య శాఖలు ఒకే భవనంలో ఉన్న కళాశాలలలో కూడా ఈ రెండు పాఠాలు కలుసుకోవు.

చివరిగా ఒక చట్టపు నిబంధన. 2025 వరకు అమలులో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కూలీకి పాస్‌బుక్కు ఇవ్వవలసి ఉండేది. అందులో పని వివరాలు, కూలి రేటు నమోదు కావలసి ఉండేది. అది హిందీ, ఇంగ్లీషులతో పాటు కూలీ భాషలో కూడా ఉండవలసి ఉండేది. పాలమూరు కూలీ విషయంలో ఆ భాష తెలుగు. ఆ తెలుగు పేజీలో ఏ మాటలు ఉండాలి? కూలీ కొడుకో కూతురో బి.కాం. రెండో సంవత్సరంలో కూర్చుని దానిని చదివి తండ్రికి వివరించవలసి వస్తే, ‘వర్జనీయము’ అని చదివి ఆగిపోకుండా ఉండడానికి ఏ మాటలు కావాలి? పారిభాషిక పదకోశాల పునర్విమర్శ ఈ ప్రశ్నతో ప్రారంభం కావచ్చు.