అతిథిగా వచ్చిన సహచరి

మన కథల్లో, నవలల్లో ప్రేమకు అడ్డం వచ్చేవాటికి కొదవ లేదు. కులం, మతం, ఆస్తి, జాతకం, ఆఖరికి ఇంటిపేరు కూడా. పాస్‌పోర్టు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. వీసా అనే మాట వచ్చినా, అది అమెరికా అల్లుడి హోదాగానో, మోసపోయిన ఆడపిల్ల కన్నీళ్ళగానో వస్తుంది. వేరే దేశపు మనిషిని ఇష్టపడి, పెళ్ళి చేసుకోకుండా కలిసి బతకాలనుకున్న స్త్రీకి రాజ్యం ఏం జవాబు చెప్తుంది? ఈ ప్రశ్నను మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. జవాబు ఒక దరఖాస్తు ఫారంలో ఉంది. ఆ ఫారాన్ని కూడా ఒక రచనగా చదవాలని నా ఉద్దేశం. దానికీ ఒక కథకుడున్నాడు, పాత్రలున్నాయి, ఎవరు మాట్లాడాలో ఎవరు మాట్లాడకూడదో తేల్చే భాష ఉంది.

అమెరికా సంగతే తీసుకుందాం. చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన మనిషి తన భార్యనో భర్తనో తీసుకెళ్ళటానికి డిపెండెంట్ వీసాలున్నాయి. విద్యార్థి అయితే ఎఫ్-2, హెచ్-1బి ఉద్యోగి అయితే హెచ్-4. పెళ్ళి సర్టిఫికెట్ లేకపోతే ఈ తలుపులు తెరుచుకోవు. పెళ్ళి కాని సహచరులకు మిగిలేది బి-2, అంటే మన అమ్మలూ నాన్నలూ పిల్లల్ని చూడటానికి వెళ్ళే పర్యాటక వీసా. అక్కడి విదేశాంగ శాఖ తన కాన్సులేట్ అధికారులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, దీర్ఘకాలం చదువుకో ఉద్యోగానికో వచ్చినవారితో సహజీవనం చేస్తున్న భాగస్వామికి ఈ వీసా ఇవ్వవచ్చని 2001లో స్పష్టం చేసింది. మామూలుగా ఆరు నెలలు ఇచ్చేచోట ఏడాది వరకూ అడగవచ్చు. తర్వాత ఐ-539 ఫారం పెట్టుకుని ఆరేసి నెలల చొప్పున పొడిగించమని కోరవచ్చు. ఇవ్వటం, ఇవ్వకపోవటం అధికారి చేతిలో పని. వీసా మీద ఉన్న తేదీ వేరు, విమానాశ్రయంలో దిగాక ఇచ్చే గడువు వేరు. పదేళ్ళ వీసా చేతిలో ఉన్నా, ఉండగలిగేది ఆ గడువు వరకే.

ఈ వెసులుబాటును తక్కువ చేయటం లేదు. స్వలింగ దంపతుల పెళ్ళిళ్ళను అమెరికా ఫెడరల్ చట్టం గుర్తించని రోజుల్లో, అంటే 2013లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, ఎందరో ఈ సందులోంచే ఒకచోట బతకగలిగారు. కానీ ఈ వెసులుబాటు ఏ భాషలో వచ్చిందో చూడండి. బి-2కి చట్టం పెట్టిన నిర్వచనం, తాత్కాలికంగా ఆనందం కోసం వచ్చే సందర్శకులు అని. భార్య వస్తే ఆశ్రితురాలు. భార్య కాని సహచరి వస్తే విహారయాత్రికురాలు. ఒకరికి వ్యక్తిత్వం లేదు, మరొకరికి ఇల్లు లేదు. ఇద్దరూ చేసేది మాత్రం ఒకే కాపురం.

ఇంకో చిక్కు ఉంది. అక్కడి వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ప్రకారం, పర్యాటక వీసా అడిగిన ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవటానికి వస్తున్నట్టే లెక్క. కాదని రుజువు చేసుకునే భారం అడిగినవాళ్ళదే. అంటే ఈ జంట ఒకే కిటికీ ముందు రెండు ఎదురెదురు సంగతులు రుజువు చెయ్యాలి. మా బంధం గట్టిది, ఏళ్ళ తరబడి కలిసున్నాం అనాలి. తప్పకుండా తిరిగి వెళ్ళిపోతాం అని కూడా అనాలి. తిరిగి వెళ్తారనటానికి ఏం చూపించాలి? ఉద్యోగం, స్థిరాస్తి, వెనక వదిలి వచ్చే కుటుంబం. మన దగ్గర పొలం, ఇల్లు ఎవరి పేరున ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆస్తి లేని, పెళ్ళి కాని ఆడదానికి తన దేశంతో ఏ ముడీ లేదని అధికారి అనుకుంటే, ఆ ఆలోచన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మొగుడూ పిల్లలే ఆడదాన్ని ఇంటికి కట్టేసే తాళ్ళని మన పెద్దవాళ్ళూ అదే అంటారు.

నా స్నేహితురాలు ఒకామె అక్కడ పిహెచ్‌డి చేస్తుండగా, ఆమె సహచరుడు, యూరప్ నుంచి వచ్చిన అతను, ఇలాగే బి-2 మీద ఆమెతో ఉన్నాడు. వీసా లేకుండా వెళ్ళే పద్ధతిలో తొంభై రోజులు దాటి ఉండనివ్వరు, పొడిగింపు కూడా ఉండదు. అందుకని ఇద్దరి పేర్లున్న అద్దె కాగితాలు, కలిసి తెరిచిన బ్యాంకు ఖాతా, ఆమె యూనివర్సిటీ ఉత్తరం అన్నీ జతచేసి దరఖాస్తు పెట్టుకున్నారు. వీసా వచ్చింది. పని చేసే హక్కు లేదు కాబట్టి అతను వంట చేసేవాడు, బట్టలు ఉతికేవాడు, ఆమె రాసిన అధ్యాయాలు చదివి పెట్టేవాడు. అక్కడి తెలుగువాళ్ళు ఆమెను కలిసినప్పుడల్లా అడిగిన ప్రశ్న ఒకటే: "మరి ఆయన ఏం చేస్తుంటారమ్మా?" అడిగినవాళ్ళలో చాలామంది ఇళ్ళలో హెచ్-4 మీద వచ్చిన భార్యలున్నారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, బ్యాంకు ఉద్యోగాలు వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళేం చేస్తుంటారని ఎవరూ ఎవరినీ అడగలేదు. 2015లో వాళ్ళలో కొందరికి, అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశ దాటాకనే, పని చేసుకునే అనుమతి వచ్చింది. మగవాడు ఆశ్రితుడైతే అది సమస్యగా కనిపిస్తుంది. ఆడది ఆశ్రితురాలైతే అది కాపురంగా కనిపిస్తుంది.

ఈ విషయాన్ని సినిమా ఎలా చూసిందో పరిశీలిస్తే నాకు మూడు సినిమాలు గుర్తొస్తాయి. పీటర్ వియర్ తీసిన 'గ్రీన్ కార్డ్' 1990లో వచ్చింది. పూలతోట ఉన్న ఫ్లాటు కావాలి ఆమెకు, దాన్ని దంపతులకే ఇస్తారు. ఫ్రెంచివాడైన అతనికి కాగితాలు కావాలి. ఇద్దరూ ఉత్తుత్తి పెళ్ళి చేసుకుంటారు. విచారణకు వచ్చే అధికారుల కోసం ఒకరి అలవాట్లు ఒకరు బట్టీపడతారు, జరగని హనీమూన్‌కు ఫొటోలు తీసుకుంటారు. ఆమె ముఖానికి రాసుకునే క్రీము పేరు గుర్తుకురాక అతను దొరికిపోతాడు. నవ్వుకుంటాం గానీ, ఇందులో ఒక నిజం ఉంది. వీసాకు ఇల్లు ఎంత అవసరమో, ఇంటికీ పెళ్ళి అంతే అవసరం. స్వదేశంలో ఉన్న ఒంటరి స్త్రీ కూడా ఇంటి యజమాని ముందు ఒక రకం విదేశీయురాలే. హైదరాబాదులో అద్దె ఇంటికోసం తిరిగిన ఒంటరి ఆడవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనవసరం లేదు.

రెండోది 2009లో వచ్చిన 'ది ప్రపోజల్'. దర్శకురాలు యాన్ ఫ్లెచర్. కెనడా దేశస్థురాలైన పెద్ద సంపాదకురాలు, వీసా పోతుందనగానే తన కింద పనిచేసే కుర్రవాణ్ణి పెళ్ళికి ఒప్పిస్తుంది. అతను ఆమెను నడివీధిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అడిగించుకుంటాడు. హాల్లో అందరూ నవ్వే దృశ్యం అది. అధికారంలో ఉన్నది తనే కాబట్టి, ఆమె అతన్ని బెదిరించిన మాట నిజమే. అయినా ఆ నవ్వుకు కారణం వేరు. ఎంత ఎదిగిన ఆడదాన్నైనా కిందికి దించటానికి ఒక స్టాంపు చాలని తెలిసి నవ్వే నవ్వు అది. తీసింది స్త్రీ అయినా ఆ నవ్వును ప్రశ్నించలేదు.

మూడోది డ్రేక్ డొరెమస్ తీసిన 'లైక్ క్రేజీ', 2011. నాకు మిగతా రెండింటికన్నా ఇదే దగ్గరైన సినిమా. లాస్ ఏంజెలెస్‌లో చదువుకునే బ్రిటిష్ అమ్మాయి, ప్రేమించినవాడితో ఒక్క వేసవి గడపటానికి వీసా గడువు దాటి ఉండిపోతుంది. తర్వాత మామూలు సందర్శకురాలిగా తిరిగొస్తే విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేస్తారు. పెళ్ళి చేసుకుంటారు, అదీ వీసా కోసమే. దానికీ వెంటనే ఫలితం ఉండదు. చివరికి వీసా వస్తుంది, ఆమె వస్తుంది, ఇద్దరూ ఒకేచోట నిలబడతారు. అప్పటికి మనసులో ఏం మిగిలిందో ఇద్దరికీ తెలియదు. ఎడబాటుకు కారణమైన ప్రభుత్వం చిత్రంలో దాదాపు కనిపించదు, దాని ఫలితం ఆ ముఖాల్లో కనిపిస్తుంది. అక్కడ దర్శకుడి నిజాయితీని మెచ్చుకోవాలి. నా ఆక్షేపణ ఒక్కటే. లండన్‌లో ఆమెకు పత్రికలో మంచి ఉద్యోగం ఉంది. అతనికి అమెరికాలో కుర్చీలు, బల్లలు చేసే వ్యాపారం ఉంది. అతను వచ్చి లండన్‌లో ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నను కథ పైపైన తాకి వదిలేస్తుంది. కదలాల్సింది ఆమే అన్నది సినిమాకు సహజంగా తోచింది. అత్తవారింటికి సాగనంపటం సముద్రాలు దాటినా మారలేదు.

పర్యాటక వీసా కింద జరిగే అసలు పని ఏమిటో మన తెలుగు ఇళ్ళకు బాగా తెలుసు. కూతురి పురుడికి, కోడలి పురుడికి ఆరు నెలలు వెళ్ళే అమ్మలు ఏ పర్యటన చేస్తారు? బాలింతకు పథ్యం వండటం, పసిబిడ్డకు నీళ్ళు పోయటం, ఇల్లు సర్దటం. జీతమిస్తే చట్టవిరుద్ధం, ఇవ్వకపోతే మమకారం. గౌరీ షిండే 'ఇంగ్లిష్ వింగ్లిష్' (2012)లో శ్రీదేవి వేసిన శశి కూడా అక్క ఇంట పెళ్ళి పనులకు సాయంగానే అమెరికా వెళ్తుంది. ఇంగ్లీషు రాకుండా మా దేశంలో ఎలా నెగ్గుకొస్తారని వీసా కిటికీలో అడిగించుకునేది ఆమే. పెళ్ళి కాని సహచరినీ, పురుడు పోయటానికి వెళ్ళిన అమ్మనూ ఒకే వీసాలో కూర్చోబెట్టింది చట్టం. ఇద్దరి శ్రమనూ ఆనందం పద్దులోనే రాసుకుంది.

ఇదంతా కాగితాల గొడవే కదా అనేవాళ్ళకు కొంత చరిత్ర గుర్తుచేస్తాను. 1907 నాటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశస్థుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకునేది. 1915లో ఎథెల్ మెకంజీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1922లో కేబుల్ చట్టం వచ్చాకే కొంత మార్పు మొదలైంది. 1979లో, కాబోయే భర్త దగ్గరికి లండన్ వచ్చిన భారతీయ మహిళకు హీత్రో విమానాశ్రయంలో కన్యాత్వ పరీక్ష చేశారు. ఆ వార్త బయటికొచ్చి గగ్గోలు పుట్టింది. 1985లో బ్రిటన్‌లో స్థిరపడిన ముగ్గురు స్త్రీలు, తమ భర్తల్ని రానివ్వటం లేదని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళి గెలిచారు. మగవాళ్ళ భార్యలు సులువుగా రాగలుగుతున్నప్పుడు ఆడవాళ్ళ భర్తల్ని ఆపటం లింగ వివక్ష అని కోర్టు తేల్చింది. బ్రిటిష్ ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? భర్తలకు దారి తెరవటం మాని, భార్యలకు ఉన్న దారిని కూడా ఇరుకు చేసి సమానత్వం సాధించానంది. సమానత్వం అడిగేటప్పుడు ఏ స్థాయిలో సమానమో కూడా అడగాలని మనకు నేర్పిన కేసు అది.

మన దేశం సంగతి ఇంకా స్పష్టం. భారత పౌరుల విదేశీ భర్తకో భార్యకో ఎంట్రీ వీసా ఉంది. పెళ్ళి నమోదై రెండేళ్ళు నిలిస్తే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పెళ్ళి కాని సహచరులు పర్యాటక వీసా మీద వచ్చి, గడువు అయ్యేలోగా వెళ్ళిపోయి, మళ్ళీ రావాల్సిందే. 2023 అక్టోబరులో స్వలింగ వివాహాల కేసులో సుప్రీంకోర్టు పెళ్ళి హక్కును గుర్తించటానికి నిరాకరించింది. ఒక తెలుగు స్త్రీ మరో దేశపు స్త్రీని ప్రేమిస్తే, పెళ్ళి చేసుకుని వీసా తెచ్చుకోండని సలహా ఇవ్వటానికైనా ఇక్కడ వీల్లేదు. ఆమె సహచరి ఎన్నేళ్ళైనా తాజ్‌మహల్ చూడటానికి వచ్చిన మనిషే.

సహచరులకు పర్యాటక వీసా గడువు పెంచటం మంచిదే. ఏడాది కలిసి ఉండటం ఆరు నెలలకన్నా నయం. నేనడిగేది దాంతో ఆగదు. కలిసి బతకటాన్ని బంధంగా గుర్తించే వీసా కావాలి. అందులో పని చేసుకునే హక్కుండాలి. ఆ బంధం తెగిపోతే గౌరవంగా బయటపడే వ్యవధి ఉండాలి. రెండేళ్ళ అనుబంధం చూపిస్తే పెళ్ళితో పనిలేకుండా బ్రిటన్, ఏడాది సహజీవనం చూపిస్తే ఆస్ట్రేలియా భాగస్వామికి వీసా ఇస్తున్నాయి. ఖర్చులూ షరతులూ ఎన్ని ఉన్నా, పెళ్ళి ఒక్కటే తాళం చెవి కాదని అవి ఒప్పుకున్నాయి.

మన రచయిత్రులను అడిగేది కూడా ఒకటుంది. డయాస్పోరా కథల్లో మంచు కురవటం, ఆవకాయ సీసా, అమ్మానాన్నల ఒంటరితనం చాలా చదివాం. తిరిగి వెళ్ళాల్సిన తేదీ గోడ మీద క్యాలెండర్లో చుట్టి ఉన్న ఇంట్లో ఇద్దరు మనుషులు ఎలా పోట్లాడుకుంటారో, పోట్లాడుకోవటానికైనా సమయం లేదని ఎలా ఊరుకుంటారో ఇంకా చదవాల్సి ఉంది. ఆ కథ రాసేవాళ్ళు పెళ్ళిని ముగింపుగా వాడుకోకుండా రాస్తే నేను ముందుగా చదువుతాను.